అతుకుల బొంతయు పదిమంది చేతులును

పొందిక లేని పనిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు దానిని అతుకుల బొంత అందురు. తలకు తోకకు కుదరని వ్యాసమును, నేడో రేపో కూలిపోవు మంత్రివర్గమును ఈ మాటతోనే ఎగతాళి చేయుదురు. నిందకు ఇంత సులభముగా దొరికిన బొంత ఇంటిలో మాత్రము అక్కరలేని వస్తువు కాదు. అమ్మమ్మ కట్టి విడిచిన నేతచీరలు, తాతగారి పాతపంచెలు, నడుమ చినిగిన దుప్పట్లు నాలుగైదు వరుసలుగా పరచి, అంచులు లోనికి మడిచి, పెద్ద సూదితో బారులు తీర్చి కుట్టిన బొంత మీదనే బాలింతను పరుండబెట్టిరి. పసిబిడ్డ ఒంటికి క్రొత్తబట్ట గరుకు. ఎన్నో ఉతుకులు చూచిన చీర మెత్తన. ఈ సంగతి ఎరిగియే పెద్దలు పాతచీరను పారవేయక దాచిరి.

ఇదే పనికి ఇంగ్లండులోను అమెరికాలోను క్విల్టు అని పేరు. అక్కడ దానికి దొరికిన గౌరవము వేరు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున లింకన్ పట్టణములో క్విల్టులకే ప్రత్యేకమైన మ్యూజియము కలదు. ఒక దంపతులు తాము కూర్చిన సుమారు 950 క్విల్టులను 1997లో అక్కడి విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేయగా అది ఆరంభమాయెను. కెంటకీ రాష్ట్రమందలి పడూకా పట్టణములో మరియొక మ్యూజియము 1991లో తెరువబడెను. ఒకచోట తిట్టుగా మారిన వస్తువు మరియొకచోట అద్దాల వెనుకకు చేరుటకు కారణమేమి? బట్టలో భేదము లేదు, చేతినేర్పులో అంతకన్నను లేదు. అక్కడి స్త్రీలు కుట్టుటకు ఒకచోట కూడిరి, ఒకరి పనిని ఒకరు త్రిప్పి చూచిరి, ఎవరు కుట్టిరో వ్రాసి పెట్టుకొనిరి. క్విల్టును కాలక్షేపముగా చేపట్టదలచినవారు సూదికంటె ముందుగా తెలిసికొనదగినది ఈ సంగతియే.

మూడు పొరలు

క్విల్టునకు మూడు పొరలుండును. పైది కంటికి కనబడు బట్ట, నడుమ దూదిపొర, అడుగున అస్తరు. ఈ మూటిని కలిపి, పైనుండి క్రిందికి దింపి మరల పైకి తీయు వరుసకుట్టుతో బిగించుటయే క్విల్టింగు. చిన్న చిన్న ముక్కలను అతికి పైబట్టను తయారు చేయుట వేరొక పని. దానిని పాచ్‌వర్కు అందురు. క్రొత్తవారు ఈ రెంటిని ఒకటిగా తలంచి పొరబడుదురు. ముక్కలు అతుకకుండ ఒకే బట్టతో కుట్టిన క్విల్టులును అనేకములు కలవు.

మన దేశమందును ఈ విద్య పలువిధములుగా నున్నది. బెంగాలువారు పాతచీరల పొరలపై చీర అంచులనుండి లాగిన రంగుదారములతో బొమ్మలు కుట్టి కాంథా అందురు. ఉత్తర కన్నడ జిల్లాలో నివసించు ఆఫ్రికా సంతతివారగు సిద్దీ స్త్రీలు కవంది అను బొంతను అంచున ఆరంభించి చుట్టు తిరుగుచు నడిమికి చేరుదురు. నాలుగు మూలలందును మడిచిన గుడ్డముక్కలతో పూవులవలె కుచ్చులు పెట్టనిదే అది పూర్తియైనట్లు వారు భావింపరు.

తెలుగుదేశపు బట్టకును విదేశీ క్విల్టులకును పాతబంధుత్వమే కలదు. ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్టణమున తమ కోఠీని స్థాపించిరి. అటుపిమ్మట కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు, కలమునకు రంగు ముంచి వ్రాసిన బట్టలు ఓడలకెక్కి ఐరోపాకు పోయెను. ఉతికినను వెలియని ఆ రంగులు అక్కడివారికి వింత. పడకలపై కప్పుటకు, క్విల్టులకు ఈ బట్ట కొరకు ధనికులు ఎగబడిరి. ఇంగ్లండులోని నేతపనివారు గగ్గోలు పెట్టగా అక్కడి పార్లమెంటు 1700లో ఒక చట్టమును, 1721లో మరింత కఠినమైన చట్టమును చేసి ఈ బట్టల వాడుకను అడ్డగించెను. బట్ట అంత విలువగలది గనుక చిన్నముక్కయు వ్యర్థము కానీయక, అందలి పూవులను పక్షులను కత్తిరించి తెల్లబట్టపై అతికి కుట్టు పద్ధతి బయలుదేరెను.

క్విల్టు పేదయింట చింకిగుడ్డలతో పుట్టినదని చెప్పు కథ అమెరికాలో మిక్కిలి ప్రచారమందున్నది. వినుటకు ఇంపుగనే యుండును గాని, నిలిచియున్న పాత క్విల్టులు వేరొక సాక్ష్యమిచ్చుచున్నవి. వాటిలో పెక్కు కలిగినవారి యిండ్లలో, ఖరీదైన బట్టతో, తీరిక గల చేతులు కుట్టినవే. ముక్కల బొంత ఇంటింటికి వ్యాపించుట పందొమ్మిదవ శతాబ్దమున మిల్లుబట్ట చౌకయైన తరువాతి మాట.

చట్రము చుట్టు కూర్చున్నవారు

ముక్కలు అతుకుట ఒంటరిపని. ఒడిలో పెట్టుకొని, పొయ్యి మీద అన్నము ఉడుకునంతలో నాలుగు ముక్కలు కుట్టవచ్చును. మూడు పొరలను బిగించుట అట్టిది కాదు. నాలుగు కర్రల చట్రమునకు క్విల్టును తోలుడోలువలె బిగించి, రెండు ప్రక్కల స్త్రీలు కూర్చుండి, చేయి అందినంత మేర కుట్టి, ఆ భాగమును కర్రకు చుట్టి ముందుకు జరుపుదురు. ఒక్కతె కుట్టిన నెలలు పట్టును. ఎనిమిదిమంది కూర్చున్న కొలది దినములలో ముగియును. అందువలననే ఇరుగుపొరుగు స్త్రీలు కూడి కుట్టు వాడుక ఏర్పడెను. దానికి క్విల్టింగు బీ అని పేరు. సూదిలో దారమెక్కించుటకు పిల్లలుందురు. వారు వినుచు, చూచుచు, ఎవరును పాఠము చెప్పకుండగనే నేర్చుకొందురు. తెలుగు పల్లెలలో వేసవి మధ్యాహ్నము అరుగుమీద బొంత పరచినప్పుడు జరిగినదియు ఇదియే.

ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమునకు అమెరికాలో ఈ కూడికలు చాలవరకు సన్నగిల్లెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము దుకాణపు దుప్పటి చౌకయాయెను. పాతబొంత పేదరికపు గురుతుగా కనబడెను. ఇంతలో 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియమువారు జొనాథన్ హోల్‌స్టీన్, గేల్ వాండర్ హూఫ్ అను ఇరువురు సేకరించిన క్విల్టులను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. 1976లో అమెరికా స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది ఉత్సవములు వచ్చెను. ఈ రెంటివలన పాతపెట్టెలు తెరువబడెను. కాని నేర్చుకొన గోరిన మనుమరాలికి నేర్పవలసిన అవ్వ అనేక గృహములలో అప్పటికే కన్నుమూసెను.

ఆ ఖాళీని పూరించుటకే గిల్డులు వెలసినవి. గిల్డు అనగా ఒక ఊరిలోనో పేటలోనో క్విల్టు కుట్టువారందరు స్వల్పచందా చెల్లించి నడుపుకొను సమాజము. అమెరికాలో 1970లో ఏర్పడిన జాతీయ క్విల్టింగు సంఘము 2015లో మూతపడినను ఊరూరి గిల్డులు నడచుచునే యున్నవి. బ్రిటనులో 1979లో స్థాపింపబడిన క్విల్టర్ల గిల్డు 1718 సంవత్సరము కుట్టబడియున్న పట్టుముక్కల దుప్పటిని నేటికిని భద్రపరచుచున్నది. ముక్కల వెనుక ఆధారముగా పెట్టిన కాగితములు మూడు వందల సంవత్సరముల తరువాతను దానిలోనే యున్నవి.

పావు అంగుళము

ఇక క్రొత్తగా ఆరంభించువారి సంగతి చూడవలెను. సాధారణముగా ఒక పుట్టుకయో ఒక మరణమో ఈ పనికి త్రోవ చూపును. మనుమడు పుట్టగానే ఏదో ఒకటి స్వహస్తములతో చేసి యీయవలెనని తోచును. లేదా చనిపోయిన తల్లి చీరలు పెట్టెలో నుండగా వాటిని పంచుటకు మనసొప్పదు, ఉంచుకొన్నను ప్రయోజనము లేదు. ఒక పుస్తకము కొని, తొమ్మిది గడుల నమూనాతో మొదలుపెట్టుదురు. ఇది మంచి ఆరంభమే. మూడంగుళముల గడి కావలెనన్న మూడున్నర అంగుళముల ముక్క కత్తిరింపవలెను. నలుప్రక్కల పావు అంగుళము చొప్పున కుట్టులోనికి పోవును. అట్టి ముక్కలు తొమ్మిది చేరగా తొమ్మిదంగుళముల చదరము వచ్చును.

చిక్కంతయు ఆ పావు అంగుళములోనే యున్నది. కుట్టు అంగుళములో పదునారవ వంతు లోనికి జరిగినదనుకొందము. అది మిక్కిలి స్వల్పము, కంటికి ఆనదు. కాని ప్రతి అతుకునందును ఇరువైపుల ముక్కలును అంతంత పోగొట్టుకొనును గనుక అతుకునకు ఎనిమిదవ వంతు నష్టము. పండ్రెండు ముక్కల వరుసలో పదకొండు అతుకులు. వరుస ముగియునప్పటికి అంగుళము మీద మరి మూడు ఎనిమిదవ వంతులు తరిగిపోవును. మరుసటి వరుసలో కుట్టు సరిగా పడినచో రెండు వరుసలు కలియనే కలియవు. లాగి కలిపిన బట్ట ఉబ్బును. ఒంటరిగా కుట్టుచున్న స్త్రీ కనుగొనలేనిది ఇదియే. తన చేయి మంచిది కాదనుకొనును. తనకు ఈ విద్య రాదనుకొనును. సగము కుట్టిన బట్ట బీరువా అడుగునకు చేరును. గిల్డులలో చేరిన అనేకులు తమవెంట మొదట తెచ్చునది క్రొత్త బట్ట కాదు. అట్టి సగములో నిలిచిన పనియే.

అచ్చట అనుభవశాలియైన స్త్రీ చేయు మొదటిపని ఆ బట్టను తిరుగవేసి చూచుట. పైభాగము అందము చెప్పును. వెనుకభాగము నిజము చెప్పును. ఆమె స్కేలు తీసి అతుకు కొలుచును. పావు అంగుళము దాటినదని చూపును. యంత్రపు పాదముప్రక్కన ఒక కాగితపుపట్టీని గురుతుగా అంటించి ఇక దీనిని ఆనుకొని కుట్టుమని చెప్పును. రెండు సంవత్సరముల దిగులు రెండు నిమిషములలో తీరును. పుస్తకమందును ఈ కొలత వ్రాసియే యుండెను. కాని తప్పు ఎక్కడనున్నదో పుస్తకము వ్రేలు పెట్టి చూపజాలదు.

ఇట్టివి ఇంకను కలవు. పడుగు వెంట కత్తిరించిన ముక్క సాగదు, పేక వెంట కొంచెము సాగును, ఏటవాలుగా కత్తిరించిన అంచు చేయి తగిలిన చాలు సాగిపోవును. గనుక ముక్కోణపు ముక్కలను ఇస్త్రీ చేయునప్పుడు పెట్టెను బరబర లాగక ఎత్తి ఎత్తి దింపవలెను. దారపు ముడి పైకి కనబడకుండ సూదిని ఒక్క కుదుపుతో లాగి ముడిని దూదిపొరలోనికి దింపవలెను. ఈ కుదుపును మాటలతో ఎంత వర్ణించినను రాదు; ప్రక్కన కూర్చుండి ఒకసారి చూచిన వచ్చును. అంగుళమునకు పది పండ్రెండు కుట్లు వేయు నిపుణురాలి పనిని చూచి క్రొత్తవారు బెదరుదురు. కుట్లు చిన్నవి కావలెనని తొందరపడక మొదట ఒక్క తీరుగా పడునట్లు చూచుకొనుమని పెద్దలు చెప్పుదురు. చిన్నతనము తరువాత తనంతట వచ్చును.

గిల్డు కూడిక సాధారణముగా నెలకొకసారి జరుగును. ఏదో ఒక పద్ధతిని ఒకరు చేసి చూపుదురు. తరువాత ఒక్కొక్కరే లేచి తాము ముగించిన దానినో, ముగింపలేక నిలిచిన దానినో పదిమంది యెదుట విప్పి చూపుదురు. బొంతను ఇద్దరు చెరియొక కొన పట్టి నిలువవలెను గనుక, కుట్టినామె ముఖము దాని వెనుక దాగును. సిగ్గరులకు ఇది మేలే! పెద్ద గిల్డులోపల ఐదారుగురు చొప్పున ఇండ్లలో కలిసికొను చిన్న గుంపులును ఉండును. నిజమైన నేర్పు అక్కడనే జరుగునని చెప్పవచ్చును.

క్విల్టులో ఒక్క తప్పైనను బుద్ధిపూర్వకముగా విడువవలెననియు, దేవుడొక్కడే పరిపూర్ణుడని ఒప్పుకొనుటకు పూర్వపు భక్తురాండ్రు అట్లు చేసిరనియు ఒక మాట ప్రచారమందున్నది. చరిత్రకారులకు దీనికి ఆధారమేదియు దొరకలేదు. తప్పు కావలెనని కుట్టవలసిన దుర్గతి ఏ కుట్టుపనివారికి పట్టినది! అది పిలువకయే వచ్చును.

ఇతరుల కొరకు కుట్టుట అనేక గిల్డులలో ఒక నియమము. అపొస్తలుల కార్యములలో వస్త్రములు కుట్టి విధవరాండ్రకిచ్చిన దొర్కా పేరట సంఘములలో కుట్టుసమాజములు ఏర్పడుట తెలుగు క్రైస్తవులకు క్రొత్త కాదు. అమెరికాలోని లూథరను సంఘముల స్త్రీలు ఆపదలోనున్న దేశములకు పంపుటకై 60 అంగుళముల వెడల్పు, 80 అంగుళముల పొడవు గల బొంతలు చేయుదురు. వాటికి సన్నని కుట్టు లేదు. పొరలను అక్కడక్కడ గట్టి దారముతో ముడివేసి కట్టుదురు. చేయి తిరుగనివారికి మొదటి బొంతగా ఇంతకంటె అనువైనది లేదు. ఆ దేశమున స్థిరపడిన కుమారునియొద్దకో కుమార్తెయొద్దకో వెళ్లి, పిల్లలు పనికి పోగా పగలంతయు నాలుగు గోడల నడుమ గడుపు తెలుగు తల్లికి ఇట్టి కూడిక ఒక ద్వారము కాగలదు. ముడివేయుటకు ఇంగ్లీషు అంతగా అక్కరలేదు. ఆమెకు బొంత ఇదివరకే తెలియును కూడ.

అలబామాలో జరిగినది

కూడి కుట్టుట కాలక్షేపమునకు మించిన పనియగుట అలబామా రాష్ట్రములోని విల్కాక్స్ జిల్లాలో కనబడినది. అచ్చట నది వంపులో గీస్ బెండ్ అను నల్లజాతివారి గ్రామము కలదు. జిల్లా ముఖ్యపట్టణమునకు దాటించు పడవ 1962లో నిలిపివేయబడెను. అది 2006 వరకు మరల నడువలేదు. ఆ పడవ లేనిది ఓటర్ల పట్టికలో పేరు వ్రాయించుకొనుటకు పోవువారు ఎంతో దూరము చుట్టి పోవలసియుండెను. పేరు వ్రాయించుకొన్న కౌలుదారులను భూస్వాములు ఇండ్లనుండి వెళ్లగొట్టిరి.

అక్కడి స్త్రీలు చలికి కావలసిన బొంతలను తమ తల్లులవలెనే కుట్టుచుండిరి. పైబట్టను ఎవరి యింట వారు, ఎవరి ఊహకు తోచినట్లు అతుకుదురు; కుట్టి బిగించునప్పుడు కలిసి కూర్చుందురు. ఫ్రాన్సిస్ వాల్టర్ అను ఎపిస్కోపల్ గురువు ఆ బొంతలను చూచి వాటిని న్యూయార్కులో వేలము వేయించెను. దాని ఫలితముగా 1966లో ఫ్రీడమ్ క్విల్టింగు బీ అను సహకార సమాజము ఏర్పడెను. పొలములో కూలితప్ప వేరొక ఆదాయమెరుగని స్త్రీలు తమ చేతిపనికి తామే వెల నిర్ణయించిరి. సమాజము భూమి కొని, 1969లో కుట్టుపనికి సొంత భవనము కట్టించి, ఆ భూమిలోనే కొన్ని స్థలములను వెళ్లగొట్టబడిన కుటుంబములకు అమ్మెను. బొంతలనుండి వచ్చిన రూకలు ఓటు వేసినందుకు నిలువనీడ పోగొట్టుకొన్నవారికి నీడనిచ్చెను. కొంతకాలమునకు సియర్స్ దుకాణపు సంస్థకు దిండుగలీబులు కుట్టు ఒడంబడికయు దొరికెను. అది నికరమైన ఆదాయమే; కాని వేలకొలది ఒకే మాదిరి గలీబులు కుట్టవలసిన పనిలో, ఎవరి ఊహ వారిదిగానుండిన పాత స్వేచ్ఛకు చోటు తక్కువ. ఈ సమాజము 2012లో మూతబడెను. గీస్ బెండ్ స్త్రీల బొంతలు మాత్రము 2002లో హ్యూస్టన్ కళామ్యూజియమునకును, 2006లో అమెరికా తపాలా బిళ్లల మీదికిని ఎక్కెను.

గిల్డులందు లోపములు

గిల్డులను పొగడుటతో సరిపుచ్చుట న్యాయము కాదు. కుట్టుటకంటె బట్ట కొనుటయే వ్యసనముగా మారినవారు వాటిలో కలరు. పాతబట్టకు ప్రాణము పోయు పని చివరకు క్రొత్తబట్ట గుట్టలు పేర్చు పనియగుట విచారకరము. చేతికుట్టే కుట్టు, యంత్రపుకుట్టు కుట్టు కాదను వాదమును చాలకాలము నడచెను. 1989లో పడూకా ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలెర్ట్ యంత్రముతో కుట్టిన క్విల్టు అగ్రబహుమానము పొందినప్పుడు కలవరపడినవారు లేకపోలేదు. ఒలీనా వాదము వ్యర్థమే. 1979లో ఓల్ఫా సంస్థ చక్రపు కత్తిని తెచ్చినప్పుడు కత్తెరను విడిచి దానిని పట్టుకొన్న చేతులే యంత్రమును తప్పుపట్టుట పొసగదు. చూడవలసినది కుట్టు నిలుచునా లేదా యనునదే.

పేరు వ్రాయుట

గిల్డులు నేర్పువానిలో మిక్కిలి సులభమైనదియు, మిక్కిలిగా అలక్ష్యము చేయబడునదియు ఒకటి కలదు: బొంత వెనుక పేరు వ్రాయుట. 1981లో కెంటకీ రాష్ట్రములో కొందరు స్త్రీలు ఊరూర తిరిగి ఇండ్లలోని పాత క్విల్టులను పరిశీలించి వివరములు వ్రాసికొన ఆరంభించిరి. పిమ్మట ఇతర రాష్ట్రములవారును అట్లే చేసిరి. ఇట్టి పరిశీలనలో ఎదురగు చిక్కు ఒక్కటే. పని కన్నులముందర నుండును, చేసినదెవరో చెప్పువారుండరు. ఇంటివారు మా ముత్తవ్వ అందురు. ఏ ముత్తవ్వయని అడిగిన తల్లివైపో తండ్రివైపో తోచదు.

తెలుగు ఇంటి బొంత స్థితియు ఇంతకంటె మెరుగు కాదు. మిల్లు దుప్పటి, దూదిపరుపు వచ్చిన తరువాత బొంత అటుక మీదికి, అక్కడనుండి కారు తుడుచుటకు పోవుచున్నది. దానిలో ఏ చీర ఎవరిదో చెప్పగల పెద్దలు బ్రదికియుండగనే అడిగి వ్రాసికొనవలెను.

పద్ధతి కష్టమైనది కాదు. అరచేయి యంత తెల్లని నూలుబట్ట తీసికొని కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరము, ఎవరి కొరకు కుట్టిరో ఆ పేరు పెన్సిలుతో పలుచగా వ్రాసి, ఆ గీతలమీద ముదురురంగు దారముతో కుట్టవలెను. మామూలు సిరా నాలుగు ఉతుకులకు వెలిసిపోవును. క్రొత్త బొంతయైనచో పొరలు బిగింపకమునుపే ఆ ముక్కను అస్తరు మూలను అతికి, దానిమీదుగనే వరుసకుట్టు పోనీయవలెను. అప్పుడు పేరు ఊడదీయవలెనన్నను బొంత విప్పక వీలుకాదు. పాత బొంతయైనచో చీర నేత చిరుగకుండ అంచుమడత పట్టుకొని సన్నని సూదితో కుట్టిన చాలును.